పది నిమిషాల భోజనం

కరోనా తగ్గిన మరుసటి వేసవి. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా నాకది పన్నెండో ఏడు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు తర్వాత ఏం తినాలో, ఎలా తినాలో చెప్పడం నా పని.

నాగమణికి నలభై దాటలేదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌లో టైలర్. మా దగ్గరే స్లీవ్ సర్జరీ చేయించుకుంది. అంటే పొట్టలో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. ఇంటికి పోయేటప్పుడు అందరికీ ఇచ్చినట్టే డైట్ చార్ట్ ఇచ్చాను. మొదటి వారాలు ద్రవాలే, తర్వాత గుడ్డు, పప్పు, పెరుగు. కొంచెం కొంచెంగా, బాగా నమిలి, అరగంటసేపు తినాలి.

రెండో నెలలో ఫోన్ చేసింది. "మేడం, తిన్నది నిలబడటంల్యా. వాంతి అయితాండాది."

"తొందరగా తింటున్నావేమో. చార్ట్‌లో ఉన్నట్టు తిను," అన్నాను. బయట ఇంకా చాలామంది పేషెంట్లు ఉన్నారు. వారం తర్వాత మళ్లీ చేసింది. మళ్లీ అదే చెప్పాను.

ఆ తర్వాత భర్త ఆమెను చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిపించుకొచ్చాడు. తూకం చూసి బాగా తగ్గావని నర్సు మెచ్చుకుంది కూడా. నాగమణి అడుగు మాత్రం తడబడుతోంది.

"మిషన్ పెడల్ మీద కాలు ఉండాదో లేదో తెలీడంల్యా మేడం," అంది.

డాక్టర్ వెంటనే ఆమెను చేర్చుకుని థయమిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అది బి1 విటమిన్. వాంతులు ఆగకపోతే ఒంట్లో త్వరగా అయిపోతుంది, నరాలు దెబ్బతింటాయి.

మూడోరోజు ఆమె మంచం పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ నిజంగా ఏం తిన్నావని అడిగాను.

"పొద్దున టీలో బన్ను. మధ్యాన్నం ఏమీ లేదు. యూనిట్‌లో అన్నానికి పది నిమిషాలే వదిలేది. గబగబా తిని ఒకనాడు అందరి ముందర కక్కినాను. అప్పట్నుంచి డబ్బా తీసకపోల్యా."

"ఫోన్‌లో ఈ మాట చెప్పలేదేం?"

"మీరు అడగల్యా మేడం." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

ఆమె భర్త యూనిట్‌కు పోయి సూపర్‌వైజర్‌ను బతిమాలాడు. ఒకరికి ఎక్కువసేపు వదిలితే అందరూ అడుగుతారని అతనన్నాడట. నాగమణి పని మానేసి ఇంట్లోనే జాకెట్లు కుట్టుకుంటోంది, నిదానంగా తింటోంది. నడక కుదుటపడడానికి నెలలు పట్టింది. కాలివేళ్ల తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు.

ఇప్పుడు చార్ట్ ఇచ్చేముందు, అన్నం ఎక్కడ తింటావు, ఎంతసేపు వదులుతారు అని అడుగుతున్నాను. వాంతి అన్న మాట వింటే ఆ రోజే రమ్మంటున్నాను. ఇదంతా అడగడానికి రెండు నిమిషాలు చాలు. నాగమణి ఫోన్ చేసిన రెండుసార్లూ ఆ రెండు నిమిషాలు నా దగ్గర లేవనుకున్నాను.