బోరునీళ్ళ లోడు

మా అత్తగారు కన్నుమూశారని అమలాపురం ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసేటప్పటికి నేను రాజోలు దగ్గర మా యూనిట్‌లో ఉన్నాను. ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఇక లోడు పంపాలా వద్దా అని ఎవరిని అడగను? నాకు తోచిన మొదటి మాట అదే. మీరేమనుకున్నా సరే.

మేం కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టును కడిగి, ఆరబెట్టి, ఇటుకల్లా నొక్కి విదేశాలకు పంపుతాం. అక్కడి వాళ్ళు మట్టికి బదులు అందులో నారు పోస్తారు. మొదట్లో ఓ వేసవి కాలువలకు నీళ్ళు కట్టేస్తే బోరునీళ్ళతో కడిగేశాం. సముద్రం పక్క ఊళ్ళో బోరు ఎంత ఉప్పగా ఉంటుందో తెలిసి కూడా! అక్కడ నారంతా మాడిపోయింది. ఇంకోసారి ఇలా జరిగితే మీకూ మాకూ చెల్లు అన్నారు కొనేవాళ్ళు.

మేమంతా తలలు పట్టుకుంటే, అత్తగారు ఆ కొనేవాళ్ళ చెన్నై ఏజెంటుని ఫోన్‌లో వదల్లేదు. ఆయన తెలుగువాడే.

"నారు ఎలా పోస్తారండీ? నీళ్ళెప్పుడు పెడతారండీ? చెబితే నేర్చుకుంటాం గదండీ."

అప్పటి నుంచి ప్రతి లోడులోనూ కాస్త పొట్టు తీసి, పాత పెరుగు గిన్నెల్లో వేసి మెంతులు చల్లేవారు. మొలకలు పచ్చగా లేస్తే గానీ లారీ కదిలేది కాదు. ఉప్పు చూసే మీటరు కొన్నాక కూడా మానలేదు. ఆ గిన్నెల ఫోటోలు చూసి, సరుకిచ్చే మిగతా వాళ్ళనీ అలాగే చేయమన్నాడట ఏజెంటు. ఆవిడ మాత్రం మురిసిపోలేదు.

"భయపడ్డాం కాబట్టి నేర్చుకున్నామమ్మా. ఆ భయం పోనివ్వకు" అన్నారు.

పోనివ్వడమా! నా దగ్గర కావలసినంత ఉంది.

ఆవిడ లేకుండా ఇది మొదటి లోడు. మళ్ళీ కాలువలు కట్టేశారు. దినాల హడావుడిలో నిల్వ నీళ్ళు చాలక, చివర్లో కొంత బోరునీళ్ళతో కడిగామని మంగ చెప్పింది. పొట్టు కడిగే ఆడవాళ్ళందరికీ మంగే పెద్ద. మీటరు పెట్టి చూసిన ఇటుకలు బాగానే ఉన్నాయి. రెండు గిన్నెల్లో మాత్రం మొలకల ఆకుల అంచులు పసుపు రంగుకు తిరిగాయి.

"ఎండకయ్యుంటుందిలే" అన్నారు మా ఆయన.

ఆపితే ఓడ తప్పుతుంది. పంపాక నారు మాడితే యూనిట్ మూసుకోవడమే. ఆడవాళ్ళంతా నా మొహమే చూస్తున్నారు. లోడెత్తిన లారీలో డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

"బయల్దేరమంటారాండీ?"

"దించేయండి" అన్నాను.

"అన్నీనా అండీ?"

"ఆయ్, అన్నీ."

లోడు ఆపేశామని చెప్పడానికి ఏజెంటుకు ఫోన్ కలిపాను. అవతల మోగుతోంది. లారీ మీద మంగ అప్పుడే మొదటి తాడు ముడి విప్పుతోంది.