అంకుల్ గ్యారేజ్‌లో ఇటలీ సినిమాలు

ఆయన్ని నేను మొదటిసారి చూసింది అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో, ఒకరి గృహప్రవేశంలో. లోపల హోమం జరుగుతోంది. పొగకి కళ్ళు మండి నేను గ్యారేజ్‌లోకి వచ్చాను. అక్కడ చెప్పుల వరసల పక్కన మడత కుర్చీలో ఒక పెద్దాయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. డెబ్బై అయిదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ లేని చొక్కాలో ఉన్నారు.

"ఏం చేస్తావమ్మా నువ్వు?" అని అడిగారు.

మందుల కంపెనీలో స్టెబిలిటీ ల్యాబ్‌లో చేస్తానని చెప్పాను. చాలామంది అక్కడితో తలూపి ఊరుకుంటారు. ఆయన అంటే ఏమిటని అడిగారు.

"మాత్రల్ని వేడిలో, తేమలో ఉంచి ఎన్నాళ్ళకి పాడవుతాయో చూస్తామండీ. సీసా మీద ఎక్స్‌పైరీ డేట్ వేసేది మేం చెప్పిన లెక్క ప్రకారమే."

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "అయితే ఒకసారి మా ఇంటికి రావాలి నువ్వు. నా దగ్గర పాడవుతున్నవి కొన్ని ఉన్నాయి. ఇంకెంత టైముందో చెప్పేవాళ్ళు దొరకలేదు."

భోజనాల దగ్గర ఆ ఇంటావిడ నన్ను పక్కకి పిలిచి, "ఆయన జోలికి పోకండి. హారర్ సినిమాల పిచ్చి. వాళ్ళావిడ అందుకే వదిలేసి వెళ్ళిపోయిందంట" అంది.

అప్పటికి నా భర్త దేశానికి అటు చివరనున్న సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్ళి మూడేళ్ళయింది. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు. తర్వాత పండక్కి, ఆ తర్వాత ఫోన్‌లో. కొడుకు కాలేజీకి వెళ్ళిపోయాడు. శనివారం వస్తే బట్టలు మడతపెట్టుకోవడం తప్ప నాకు పనేం ఉండేది కాదు. అందుకే వెళ్ళాను.

గ్యారేజ్ తలుపు పైకి లేవగానే గుప్పున వెనిగర్ వాసన కొట్టింది. ఆ వాసన దేనిదో ఆయన చెప్పేలోపే నాకు అర్థమైంది. గోడల పొడవునా ఇనుప అరల్లో గుండ్రటి ఫిలిం డబ్బాలు ఉన్నాయి. నలభై దాకా సినిమాలు. అన్నీ డెబ్బైల నాటి ఇటలీ క్రైమ్, హారర్ సినిమాల ప్రింట్లు, ఇంగ్లీషులోకి డబ్ చేసినవి. మధ్యలో రెండు ప్రొజెక్టర్లు, ఎదురుగా తెల్ల రంగు వేసిన గోడ, ఎవరో పారేసిన సోఫాలు మూడు.

పాత ఫిలిం పాడవుతూ ఆమ్లం వదులుతుంది, వెనిగర్ వాసన దానిదే. ఆ ఆమ్లమే మిగతా ఫిలింని ఇంకా త్వరగా పాడుచేస్తుంది. ఒక డబ్బాలో మొదలైతే పక్క డబ్బాకీ పాకుతుంది. ఇదంతా ఆయనకి చెప్పాను. వారం తర్వాత ఆమ్లాన్ని పట్టే నీలం కాగితం ముక్కలు తెప్పించి ఒక్కో డబ్బాలో పెట్టాం. మర్నాడు చూస్తే నీలంగా మిగిలినవి నాలుగే. చాలావరకు ఆకుపచ్చకి తిరిగాయి. పదకొండు డబ్బాల్లో కాగితం పసుపురంగులోకి వచ్చేసింది.

"ఆపలేమా?"

"ఆపలేం అంకుల్. చల్లగా ఉంచితే నెమ్మదిస్తుంది, అంతే."

ఆయన ఒక పసుపు కాగితాన్ని తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. తర్వాత కాఫీ పెట్టి ఇచ్చారు. ఆ నెలలోనే గ్యారేజ్‌కి ఏసీ పెట్టించారు.

ఆ సినిమాలు ఆయన దగ్గరికి ఎలా వచ్చాయో ఆ రోజే చెప్పారు. ఇరవై నాలుగేళ్ళ వయసులో చదువుకోడానికి ఇక్కడికి వచ్చారట. ఊరి బయట ఒక డ్రైవ్-ఇన్ థియేటర్లో ప్రొజెక్టర్ నడిపే పని దొరికింది. జనం కార్లలో కూర్చుని చూసే చోటు. అక్కడ వేసేవన్నీ చవగ్గా దొరికే ఇటలీ సినిమాలే. నల్ల గ్లవ్స్ వేసుకున్న హంతకులు, లంచాలు మరిగిన పోలీసులు, గొంతు చించుకుని అరిచే ఆడవాళ్ళు. కార్లలో వాళ్ళు సినిమా చూసేవాళ్ళు కాదు. ఈయన మాత్రం చూసేవారు.

"వారానికి నాలుగు మాటలు మాట్లాడేవాణ్ణి కాదమ్మా ఆ రోజుల్లో. మాట్లాడేవాళ్ళెవరు? ఇక్కడి సినిమాల్లో మొహాలు నాకేం ఆనేవి కావు. ఇటలీ వాళ్ళ మొహాలు చూడు, మనవాళ్ళలా ఉండేవి. నల్ల జుట్టు, పెద్ద కళ్ళు. కిటికీలోంచి కేకలేసే తల్లులు, వీధిలో ఆరేసిన బట్టలు. పెదాలు ఒకటి చెప్తుంటే మాటలు ఇంకోటి వినిపించేవి. అచ్చం మన డబ్బింగ్ సినిమాల్లాగే. హత్యలు ఎవడికి కావాలి? ఆ వీధులు చూడ్డానికి వెళ్ళేవాణ్ణి."

డ్రైవ్-ఇన్ మూసేసినప్పుడు యజమాని ప్రింట్లన్నీ చెత్తలో వేయబోతుంటే ఈయన ట్రక్కు తెచ్చుకుని ఇంటికి మోసుకొచ్చారు.

నెలలో రెండో శనివారం మధ్యాహ్నం గ్యారేజ్‌లో ఆట ఉండేది. కిటికీకి నల్ల ప్లాస్టిక్ కప్పేవారు. పదిమంది దాకా వచ్చేవారు, అందరూ అమెరికన్లే. ఒకాయన బస్సులు బాగుచేసే మెకానిక్, అయిదు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చేవాడు. పక్క ఊరు డర్హమ్ నుంచి ఒక అమ్మాయి వచ్చేది. పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది, ముప్ఫై ఏళ్ళుంటాయి. ముంజేతి మీద నల్ల గ్లవ్ పచ్చబొట్టు. ఈ సినిమాల గురించే ఒక వెబ్‌సైట్ నడిపేది. వాళ్ళంతా ఆయన్ని సర్ అనేవారు. ఏ సినిమాకి సంగీతం ఎవరిదో, ఏ హంతకుడు ఏ కత్తి వాడాడో పిల్లలు ఎక్కాలు చెప్పినట్టు చెప్పేవారు. మన తెలుగువాళ్ళ సంఘంలో పలకరించే దిక్కులేని మనిషి చుట్టూ వీళ్ళు నేలమీద కూర్చుని ఉంటే నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మొదటి సినిమా నాకు నచ్చలేదు. రంగులు వెలిసిపోయి ఆకాశం, గోడలు, మనుషులు అన్నీ గులాబి రంగులోకి దిగిపోయాయి. రక్తం కూడా పక్కనున్న గోడ రంగులోనే ఉంది. అయినా మళ్ళీ వెళ్ళాను. చీకట్లో పదిమంది మధ్య కూర్చుని రెండు గంటలు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా ఉండటం అలవాటైంది.

ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన సినిమా ఒకటుంది. అయిదు రీళ్ళు. జెనోవా రేవులో ఒక పోలీసు అధికారి. ఊళ్ళో వరసగా ఆడవాళ్ళు హత్య అవుతుంటారు. చంపుతున్నది సొంత తమ్ముడేనని అతనికి మొదటి నుంచీ తెలుసు. దొరికే కాపీలన్నిట్లో అన్న మెట్లెక్కి తమ్ముడి గది తలుపు తీయగానే సినిమా తెగిపోతుంది. అంకుల్ ప్రింట్‌లో మాత్రం ఆ తర్వాత ఇంకో ఏడు నిమిషాలు ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదని ఆ డర్హమ్ అమ్మాయి చెప్పేది. ఆమె ధ్యాసంతా ఆ ఏడు నిమిషాల మీదే. ఆమె గ్యారేజ్‌కి రావడం మొదలుపెట్టకముందు ఎప్పుడో వేశారట, ఆ ఆట ఆమె చూడలేదు. ఆ ఫిలిం కుంచించుకుపోయి ప్రొజెక్టర్ పళ్ళకి అందడం లేదని ఆయన తర్వాత దాన్ని బయటికే తీయలేదు.

ఒక్క రోజు మాత్రం నా కోసం వేశారు. ఇంకెవరూ లేరు. రీలు రీలుకీ ఆపి, అంచులు సవరించి, మళ్ళీ నడిపారు. అన్న మెట్లెక్కుతున్నాడు. అప్పుడు నా ఫోన్ మోగింది. నా భర్త. ఆ వారంలో అదే మొదటి కాల్. బయటికి వెళ్ళి ఎత్తాను.

"ఈసారి కూడా రాలేను. రిలీజ్ ఉంది. నువ్వేం చేస్తున్నావ్?"

"సినిమా చూస్తున్నా. ఇటలీది."

"నీకు ఇటలీ సినిమాలేంటి ఇప్పుడు?"

అంకుల్ గురించి, గ్యారేజ్ గురించి మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది. తిరిగి లోపలికి వచ్చేసరికి గోడ మీద తెల్లటి వెలుతురు మాత్రమే ఉంది. రీలు తిరుగుతూ ఫిలిం చివర టపటపా కొట్టుకుంటోంది. మళ్ళీ వెయ్యమని అడగలేదు. ఇంకోసారి నడిపితే తెగిపోతుందని నాకు తెలుసు.

ఆ అమ్మాయి ఫిలింని డిజిటల్‌గా మార్చే ల్యాబ్ ఒకటి పట్టుకుంది. వాళ్ళు వెంటనే పంపమన్నారు. ఈయనే ఆపారు. శాన్ రామన్‌లో ఉన్న కూతురు ఒక్కసారి వచ్చి ఆ సినిమా తన పక్కన కూర్చుని చూస్తే తర్వాత పంపిస్తానన్నారు. ఆ కూతురు ఇక్కడే పుట్టింది. నెలనెలా ఫోన్‌లో "నెక్స్ట్ మంత్ ష్యూర్ వస్తా డాడీ" అనేది. అబద్ధం చెప్పాలని కాదు. ఇద్దరు చిన్నపిల్లలు, ఉద్యోగం.

ఏప్రిల్‌లో నేను గట్టిగానే చెప్పాను. "ఎండాకాలం వచ్చేలోపు పంపించెయ్యండి అంకుల్. ఈ ఏసీతో ఆ వేడికి ఆగదు."

"మీ ల్యాబ్‌లో చల్లటి గదులుంటాయన్నావు కదమ్మా? ఆఖరి రీలు ఒక్కటి, రెండు నెలలు పెట్టగలవా?"

అయిదు డిగ్రీల ఛాంబర్‌లో ఒక అర పూర్తిగా ఖాళీగా ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాను. బయటి వస్తువు పెడితే, అదీ ఆమ్లం వదిలేది, ఉద్యోగం పోతుంది.

"కుదరదు అంకుల్" అన్నాను.

"సరేలే, పర్లేదు" అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

జూన్ చివర్లో ఆయనకి స్ట్రోక్ వచ్చింది. ఇంటి ముందు పోస్ట్‌బాక్స్ దగ్గర పడిపోతే పక్కింటివాళ్ళు చూశారు. మూడు వారాలు హాస్పిటల్లో, తర్వాత రిహాబ్‌లో ఉన్నారు. కూతురు వచ్చింది, నేను రోజూ ఆఫీస్ అయ్యాక వెళ్ళేదాన్ని. ఆయన కుడిచెయ్యి, మాట, నడక, వీటి గురించే మా ఆలోచనంతా. గ్యారేజ్‌లో ఏసీ ఆగిపోయిందని మాకెవరికీ తెలియలేదు.

గ్యారేజ్ తెరిచిన రోజు ఆ వాసనకి గుమ్మంలోనే ఆగిపోయాం. డర్హమ్ అమ్మాయి జెనోవా సినిమావి నాలుగు రీళ్ళు ఎలాగో విప్పగలిగింది. అయిదో డబ్బా మూత నేనే తీశాను. లోపల ఫిలిం లేదు. చుట్లన్నీ కరిగి ఒకదానికొకటి అతుక్కుని గట్టి ముద్దయిపోయాయి. వేలితో తడితే చెక్కలా చప్పుడైంది. ఆ అమ్మాయి నేలమీద కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏ ఉష్ణోగ్రతకి ఎన్ని రోజుల్లో ఇలా అవుతుందో మనసులో లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. అయిదు డిగ్రీల దగ్గర అయ్యేది కాదు.

ఇంటికి తెచ్చాక ఆయనకి చెప్పాం. విన్నారు. అర్థమైందో లేదో తెలియలేదు.

ఇంక మిగిలింది ఆయన జ్ఞాపకం ఒక్కటే. ఆ అమ్మాయి రికార్డర్ తెచ్చి మంచం పక్కన పెట్టింది. చివర్లో ఏం జరుగుతుందో చెప్పమని బతిమాలింది. మాట ముద్దగా వచ్చేది కానీ వచ్చేది. మొదటిరోజు ఇంగ్లీషులో చెప్పారు. అన్న గదిలోంచి కిందికి దిగి వస్తాడు, తల్లి ఏమీ తెలియనట్టు భోజనం పెడుతుంది, అతను తింటాడు. వారం తర్వాత ఇంకోలా చెప్పారు. గది ఖాళీ, తమ్ముడు ఓడెక్కి వెళ్ళిపోయాడు, అన్న రేవులో కూర్చుంటాడు.

మూడోసారి తెలుగులో మొదలుపెట్టారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది.

"వాళ్ళమ్మ ఇద్దరికీ కంచాలు పెట్టింది. వాడు రాడమ్మా అన్నాడు పెద్దోడు. వస్తాడు, నువ్వు కూచోరా అంది. కూచున్నాడు." అక్కడ ఆగి, "చేతులు కడుక్కోలేదు" అన్నారు.

నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆ మూడూ వాళ్ళ వెబ్‌సైట్‌లో పెట్టారు. ఏది అసలుదో తేల్చుకోవాలని నెలల తరబడి వాదించుకున్నారు. నన్నూ అడిగారు. ఆ సీను వచ్చినప్పుడు నేను బయట ఫోన్ మాట్లాడుతున్నానని చెప్పాను.

సెప్టెంబర్‌లో కూతురు ఇల్లు అమ్మకానికి పెట్టింది. "ఆంటీ, నేను డాడీని తీసుకెళ్తా. ఇక్కడ ఎవరు చూస్తారు? బట్ ఆ సినిమాలు... ఐ డోంట్ నో ఆంటీ, అవి ఎవరికి ఇవ్వాలి?" అంది. పాత సినిమాలు భద్రపరిచే ఆర్కైవ్‌లు మూడింటికి రాశాం. తమ దగ్గరున్న మంచి ప్రింట్లకి ఈ ఆమ్లం అంటుకుంటుందని ముగ్గురూ వద్దన్నారు. డిజిటల్ ల్యాబ్‌కి పంపిన ఆ నాలుగు రీళ్ళు, ఇంకో రెండు సినిమాలు తప్ప మిగతావన్నీ నేనూ డర్హమ్ అమ్మాయీ ఆమె పికప్ ట్రక్కులో డంపింగ్ యార్డ్‌కి తీసుకెళ్ళాం. నాలుగు ట్రిప్పులు పట్టింది. అక్కడి పనివాడు ఇవేంటని అడిగితే ఆ అమ్మాయి సినిమాలంది. అతను ఆరో నంబరు గుంట చూపించాడు. ఆ తర్వాత మేమిద్దరం కలవలేదు. కలిస్తే చూసుకోవడానికి ఏముంది?

ఏడాది దాటాక సన్నీవేల్ వెళ్ళాను. కలిసి ఉండాలా వద్దా అన్నది ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందామని నా భర్తా నేనూ అనుకున్నాం. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు అతను మీటింగ్‌లో ఉంటే కారు తీసుకుని, అక్కడికి గంట దూరంలో ఉన్న శాన్ రామన్ వెళ్ళాను.

కూతురి ఇంట్లో కిందిగది ఆయనకి ఇచ్చారు. శుభ్రంగా ఉంది, ఏ వాసనా లేదు. నన్ను చూసి ఎక్సర్‌సైజ్ చేయించే అమ్మాయినేమో అనుకుని చెయ్యి చాపారు. అరలో ఒక డిస్క్ ఉంది, సీలు కూడా తీయలేదు. ఆ జెనోవా సినిమాయే. ఎవరో అభిమానులు రంగులు సరిచేసి విడుదల చేశారట. చివరి ఏడు నిమిషాలు దొరకలేదని అట్ట వెనక రాసి ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఆయనకి కృతజ్ఞతలు.

"పెడదామా ఆంటీ? డాడీకి నచ్చుతుందేమో. నేను కూడా ఎప్పుడూ చూడలే" అంది కూతురు.

పెట్టింది. సముద్రం నీలంగా ఉంది. నేనా సినిమాలో నీలం చూడటం అదే మొదలు. కూతురు ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. మొదటి హత్య అయిదు నిమిషాలకే వస్తుంది. ఎర్రటి రక్తం, ఆడమనిషి కేక. ఆయన ఉలిక్కిపడి చెవులు మూసుకోవాలని చూశారు. కుడిచెయ్యి లేవలేదు.

"ఎందుకమ్మా అలా అరుస్తోంది ఆవిడ? తీసెయ్. తీసెయ్ అది."

కూతురు గబగబా ఆపేసింది. "ఓకే డాడీ, ఓకే. ఆపేశా."

ఆయన ఇంకా వణుకుతూనే ఉన్నారు. ఆమె ఆయన వీపు నిమురుతూ కూర్చుంది. నేను నీళ్ళు తెచ్చి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, కళ్ళు మూసుకుని, కాసేపటికి నిద్రపోయారు.