కొనని ఇంటి బస్‌స్టాపు

ఊరి నడిబొడ్డున గడియారాలు బాగుచేసే ఆయనకి, కొనడానికి ఏ ఇల్లు చూసొచ్చినా అక్కణ్ణించి ఓ వారం తన కొట్టుకి వెళ్ళి చూస్తేగానీ మనసొప్పదు. తెల్లారకముందే బయల్దేరి, క్యారియర్ పట్టుకుని, కొనని ఇంటి దగ్గరి స్టాపులో నిలబడతాడు. బస్సెక్కగానే ఒకసారి, దిగగానే ఒకసారి చేతి గడియారం చూసుకుంటాడు. దగ్గరి ఇళ్ళ ధర వింటే గుండె జారుతుంది; చవకవేమో గంటకి పైనే ప్రయాణం. మూడేళ్ళుగా ఇదే వరస. "అద్దె కట్టేది ఒక్క ఇంటికి, మీరు కాపురం చేసేది పదిళ్ళలో" అంటుంది భార్య.

ఈసారిది మరీ ఊరి చివర. సోమవారం డెబ్భై నిమిషాలు, మంగళవారం డెబ్భై రెండు. ఇక లాభం లేదనుకున్నాడు. బుధవారం జ్వరమొచ్చి పడుకున్నాడు. అయినా వారం పూర్తిచెయ్యాలి గనక గురువారం మళ్ళీ ఎక్కాడు. సోమ, మంగళవారాలు పక్కన కూర్చున్న టీచరమ్మ, ఖాళీ సీటు మీంచి తన సంచి తీసి, "రండి అన్నయ్యగారూ! నిన్న రాలేదేం, ఒంట్లో బాగాలేదా? మీకోసం బస్సు ఓ నిమిషం ఆపించాం కూడా" అంది.

సాయంత్రం భార్య కాగితం, పెన్సిలు తీసి, "ఇవాళెంత పట్టింది?" అనడిగింది.

ఆయన చేతి గడియారం వంక చూసి తెల్లబోయాడు. "మాటల్లో పడి చూసుకోనేలేదే!"

ఆవిడ కాగితం మడిచి పక్కన పెట్టి, ఆ ఇల్లు అమ్మేవాళ్ళకి ఫోను కలిపి ఆయన చేతికిచ్చింది.