పన్నెండున్నరకు గేటు దగ్గర

సన్యాసిరాజు గారి గురించి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఆయన్ను తిండిదొంగ అనుకున్నది నేనే.

2005 నాటి సంగతి. హైటెక్ సిటీలో ఉద్యోగాలు పెరిగేకొద్దీ తిరుమలగిరిలో ముసలివాళ్లను చూసుకునే హోములూ పెరిగాయి. అలాంటి ఒకదాంట్లో హెడ్ నర్సుని నేను. పేరు ప్రేమమణి. మా ఓనరు కంప్యూటర్ల కంపెనీ నుంచి వచ్చిన మనిషి. ఇంటివాళ్లు ఆదివారం నాలుగు నుంచి ఆరు వరకే రావాలని, అదీ పాస్ ఉంటేనే అని రూళ్లు ప్రింటు తీసి గోడకు అంటించాడు. వాటికి కాపలా కాయడంలో నాకంటే గట్టిదాన్ని మీరు చూసి ఉండరు.

సన్యాసిరాజు గారిది శృంగవరపుకోట వైపు. సికింద్రాబాద్ స్టేషన్ పార్శిల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశారు. రసీదు చూపించకపోతే సొంత బావమరిది బుట్టనైనా కదలనివ్వలేదని పేరు. రిటైరై మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డాక భార్య అప్పలకొండమ్మకు మతి తప్పింది. రెండేళ్లు ఆయనే స్నానం చేయించారు, జడ వేశారు, అన్నం పెట్టారు. గుండె ఆపరేషన్ అయ్యాక బరువులెత్తొద్దని డాక్టర్లు అనేసరికి, మాదాపూర్‌లో ఉద్యోగం చేసే కూతురు భానుప్రియ తల్లిని మా దగ్గర చేర్పించింది.

చేరిన రోజు నుంచీ ఆవిడ ముద్ద ముట్టలేదు. భర్త వస్తే తింటుందేమోనని ఆయన్ను మధ్యాహ్నం పూట రానిచ్చాను. తిన్నది. నాలుగో రోజు ఆయా కుమారి నా చెవిలో ఊదింది.

"సిస్టర్, ఆ అంకుల్ ఆమె ప్లేట్ల సగం అన్నం తానే తింటుండు."

ఇంట్లో వండిపెట్టే దిక్కులేక ఇక్కడ కడుపు నింపుకుంటున్నాడని తేల్చేశాను. నలుగురి ముందే అడిగేశాను కూడా.

"పేషెంట్ అన్నం మీరు తింటున్నరట గదా అంకుల్. గిట్లయితే ఎట్ల?"

ఆయన ముఖం మాడిపోయింది. చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఇకమీదట ఆదివారమే అని వాచ్‌మన్‌కు చెప్పాను.

మర్నాడు పన్నెండున్నరకు టిఫిన్ క్యారియర్‌తో గేటు దగ్గర నిలబడ్డారు. "నా అన్నం నానే తెచ్చుకున్నాను" అన్నారట. వాచ్‌మన్ వదల్లేదు. ఎదురుగా బస్‌స్టాపులో గంట కూర్చుని వెళ్లిపోయారు. ఆ మర్నాడూ అంతే. మధ్యలో ఆదివారం పాస్‌తో లోపలికి వచ్చారు గానీ ఆ వేళకు మేమిచ్చేది టీ ఒక్కటే. సోమవారం మళ్లీ గేటు దగ్గరే. ఈ ముసలాయనకు ఎంత పంతమో అనుకున్నాను.

లోపల ఆవిడ పళ్లు బిగించి పడుకుంది. ఎనిమిది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గింది. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోయాలన్నారు డాక్టరు. దానికి భర్త సంతకం కావాలి. అందుకోసం ఆయన్ను గేటు దగ్గర్నుంచి నేనే లోపలికి పిలిపించాను.

ఆయన కాగితం చదివి పక్కన పెట్టారు. "సంతకం చెయ్యనమ్మా."

"చెయ్యకుంటే ఆమె బతకదు అంకుల్."

"నాను తిన్నాక, నా కంచంలో మిగిలిందే అది తింటాది. యాభయ్యేళ్ల అలవాటు. మతి పోయింది గాని అలవాటు పోనేదు. మీరు కడిగిన కంచం పెడితే నాను పస్తు ఉన్నాననుకుంటాది. ఎలా తింటాది?"

మొగుడి ఎంగిలి తినే ఆచారాలంటే నాకు ఒళ్లుమంట. కానీ అక్కడ ఆకలితో ఉన్నది నేను కాదు. గోడమీది రూళ్ల వైపు చూశాను.

"రూలు నాకూ తెలుసు సిస్టరమ్మా" అన్నారాయన. "పార్శిల్ ఆఫీసులో పాలూ చేపలూ వస్తే ముందు అవే దించాలన్నదీ రూలే. ఆగే సరుకుంటాది, ఆగనిదుంటాది. ఒక్క గంట ఇవ్వండి. అప్పటికీ తినకపోతే సంతకం చేస్తాను."

ఇచ్చాను. ఆవిడ మంచం పక్కన కూర్చుని, క్యారియర్ విప్పి అన్నం, పప్పు, బెండకాయ పులుసు కంచంలో వడ్డించుకుని నిదానంగా సగం తిన్నారు. చెయ్యి కడుక్కుని కంచం ఆవిడ వైపు జరిపారు. ఆవిడ కంచాన్ని చూసింది, ఆయన తడి చేతిని చూసింది. లేచి కూర్చుని తనే ముద్ద కలుపుకుంది.

"పులుసు సరిపోయిందా?" అని అడిగింది. మా హోములో ఆవిడ గొంతు వినడం నాకు అదే మొదలు.

"సరిపోయింది. నువ్వు తిను" అన్నారాయన.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. బయటికి వచ్చి ఓనరుకు ఫోన్ చేశాను. ఒకరిని రానిస్తే అందరూ అడుగుతారన్నాడు.

"అందర్నీ రానిద్దాం సార్. అన్నం పెట్టేటోళ్లకు పాస్ ఎందుకు? వద్దంటే రేపటి సంది నేను సుత రాను."

కాసేపు నసిగి ఒప్పుకున్నాడు.

మర్నాడు పన్నెండున్నరకు గేటు నేనే తీశాను. "తప్పయింది అంకుల్, మాఫ్ చెయ్యండి. ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

ఆయన ఆగలేదు.

"అవన్నీ తరవాతమ్మా. అది ఆకలితో ఉంటాది, తప్పుకోండి" అన్నారు.