మా అత్త తిత్తి పట్టిన రోజు

పోయిన నెల నీరసంగా ఉందని మా మనవరాలు నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే, ఆమె నా కంటిరెప్ప కిందికి లాగి చూసి, రక్తం పరీక్ష చేయించి, ఒంట్లో ఇనుము బాగా తగ్గిపోయింది అవ్వా, అంటూ మాత్రలు రాసిచ్చింది. ఆమె మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఇనుముతోనే బతికిన ఇంటికి కోడలిగా పోయి, ఇనపరాయి దుమ్ము పీలుస్తూ పడుచుదనమంతా గడిపిన దాన్ని నేను. ఆ రోజు రాత్రి అన్నం తింటూ మా మనవరాలికి చెబుదామనుకున్నాను గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను. నా ఈడు వాళ్ళకైతే మొదలు ఎక్కడున్నా అర్థమవుతుందని ఇప్పుడు ఇలా రాస్తున్నాను.

నా పెళ్ళినాటికి రెండో యుద్ధం నడుస్తోంది. మా పుట్టిల్లు రాయచోటి పక్కన. మా నాయనదీ కొలిమి పనే. మెట్టినిల్లు కర్నూలు జిల్లాలో, వెల్దుర్తికి దగ్గరలో ఒక చిన్న పల్లె. మొదటిసారి బండిలో ఆ ఊరికి పోతున్నప్పుడు, దారి పొడుగునా నేల రంగు మారుతూ వచ్చి, చివరికి ఎద్దుల గిట్టలు, బండి చక్రాలు, నా కొత్త చీర అంచు అన్నీ ఎర్రబడిపోయాయి. ఊరి వెనకే కొండ. ఆ కొండ రాయిని చదువుకున్న వాళ్ళు హెమటైట్ అంటారని చాలా ఏళ్ళ తర్వాత నా కొడుకు పుస్తకంలో చూశాను. మా ఊళ్ళో అది ఇనపరాయే. చూడడానికి నల్లగా, చేతిలోకి తీసుకుంటే ఆ సైజు రాయికి ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువుగా ఉండేది. దాన్ని ఇంకో రాయి మీద గీస్తే మాత్రం నెత్తురు గీత పడినట్టు పడేది. అంత నల్లటి రాయిలో అంత ఎరుపు ఎలా దాగుందో నాకు ఎన్నాళ్ళు చూసినా విడ్డూరంగానే ఉండేది.

ఆ ఎరుపుతో ఊరికి ఎన్ని పనులో. ఆడవాళ్ళు మెత్తటి రాళ్ళు ఏరుకొచ్చి నూరి, నీళ్ళలో కలిపి గడపలకూ గోడల అడుగునా పూసేవాళ్ళు. కుమ్మరామె కుండలు ఆవంలో పెట్టబోయే ముందు గుడ్డతో అదే రంగు తిప్పేది. గొర్రెలవాళ్ళు ఎవరి మంద వాళ్ళు గుర్తుపట్టడానికి వాటి వీపుల మీద పెట్టేవాళ్ళు. కంసాలాయన వస్త్రగాళితం పట్టిన పొడితో నగలకు మెరుగు దిద్దేవాడు. ఊరంతటిలో ఆ ఎరుపు కనిపించని గడప మా ఇంటిది ఒక్కటే. మా అత్త సున్నం పూసేది, అంతే. కొత్తకోడలిని కాబట్టి ఏమీ అడగలేదు గానీ, ఒకసారి పండగకు నేనే నాలుగు రాళ్ళు ఏరుకొచ్చి రోటి దగ్గర పెడితే, ఆమె ఏమీ అనకుండా వాటిని కొంగులో వేసుకుపోయి వంకలో పారేసి వచ్చింది. ఆ తర్వాతే మా ఆయన నాకు సంగతి చెప్పాడు.

ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా ఆ రాయిని కరిగించి ఇనుము తీసినవాళ్ళు. దానికి కట్టే మట్టి పొయ్యిని బట్టీ అనేవాళ్ళు. మనిషి రొమ్ము ఎత్తున, కింద వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా ఉంటుంది. పైనుంచి బొగ్గులు ఒక వరస, రాయి ఒక వరస పోస్తూ, అడుగున మట్టి గొట్టాల గుండా మేకతోలు తిత్తులతో గాలి ఊదుతూ ఉండాలి. రాయిలోని మలినమంతా చిట్టెమై కరిగి కిందికి కారిపోతే, ఇనుము ముద్దయి అడుగున మిగులుతుంది. దొరల దేశం నుంచి సీమ ఇనుము రైళ్ళలో వచ్చి చవకగా దొరకడం మొదలయ్యాక, అడవిలో కట్టె కొట్టకూడదని సర్కారు కట్టడి చేశాక, ఊళ్ళో బట్టీలన్నీ ఒక్కొక్కటే ఆరిపోయినాయట. మా మామ ఒక్కడే పట్టు విడవకుండా, కొన్న ఇనుముతో కొలిమి పని చేసుకుంటూనే, ఏడాదికి ఒకటి రెండుసార్లు బట్టీ పెట్టేవాడట.

మా అత్తకు తల్లిదండ్రులు లేరు. ఒకే ఒక్క తమ్ముడు. అతన్ని చంకనేసుకునే ఆమె అత్తవారింటికి వచ్చిందట. అతను మా మామ దగ్గరే పని నేర్చుకుని, పెళ్ళీడుకు వచ్చి, బట్టీ పెట్టినప్పుడల్లా తిత్తుల దగ్గర తనే కూర్చునేవాడు. నా పెళ్ళికి చాలా ఏళ్ళ ముందు, చివరిసారి పెట్టిన బట్టీ ముందు గోడ పగిలి, కాగుతున్న చిట్టెం ఒక్కసారిగా అతని మీదికి పొర్లింది. నాలుగు నాళ్ళు ఉండి చనిపోయాడు. మా మామ ఆ బట్టీని తన చేత్తోనే పడగొట్టి, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మా అత్తా ఎత్తలేదు. నిన్ను నమ్మి నా తమ్ముణ్ణి నీ చేతిలో పెట్టానే అని ఆమె ఏనాడూ అనలేదు, అనలేదు కాబట్టే ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా ఆ మాట ఎప్పుడూ కూర్చునే ఉండేది. ఆమె ఆయనకు అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, పిలిస్తే పలికేది. అంతకు మించి మాట్లాడగా నేను కాపురానికొచ్చిన కొత్తలో వినలేదు.

యుద్ధం ముదిరేకొద్దీ ఇనుము కరువైంది. బట్టలకూ కిరసనాయిలుకూ వచ్చినట్టే ఇనుముకూ కంట్రోలు వచ్చింది. కర్నూలు పోయి అడిగినా అంగళ్ళవాళ్ళు లేదనేవాళ్ళు. మడకకు, అదే నాగలికి, ఇనప కర్రు లేకపోతే రాయలసీమ నేల గోరంత కూడా లేవదని మీకు చెప్పనక్కరలేదు. రైతులు అరిగిపోయిన కర్రులు తెస్తే, మా మామా మా ఆయనా సాగదీసి సాగదీసి ఇచ్చేవాళ్ళు, చివరికి సాగదీయడానికి ఏమీ మిగల్లేదు. తుమ్మకొయ్యను నిప్పుల్లో కాల్చి గట్టిచేసి కర్రులా తగిలించుకున్న వాళ్ళున్నారు, అది రెండు చాళ్ళకే చిట్లిపోయేది. ఆ ఏడు వాన పడినా ఊళ్ళో సగం చేలు బీళ్ళుగానే ఉండిపోయాయి. మరుసటి వేసవికి జొన్న గింజ అడుగంటింది. జనం బలుసాకు ఉడకేసుకుని తిన్నారు. రెండు మూడు కుటుంబాలు తలుపులకు ముళ్ళకంప అడ్డం పెట్టి బళ్ళారి వైపు వలసపోయాయి.

తొలకరికి, ముంగారు వానలకు ఇంకా నెలకు పైగా ఉందనగా, ఒకనాటి పొద్దున ఊరి పెద్దరైతు పదిమందిని వెంటబెట్టుకుని మా కొలిమి దగ్గరికి వచ్చాడు. వాళ్ళలో తోళ్ళ బేరం చేసే సాయిబు కూడా ఉన్నాడు, ఆయన మా మామకు చిన్నప్పటి స్నేహితుడు. నేను వాకిట్లో పేడనీళ్ళు చల్లుతూ విన్నాను.

"ఏమప్పా, ఈతూరి గూడా దున్నకపోతే ఊరు ఉండదు," అన్నాడు పెద్దరైతు. "రాయి మన కొండలోనే ఉండాది. కరిగించే ఇద్దె నీ చేతిలో ఉండాది. ఒక్కతూరి బట్టీ పెట్టు."

మా మామ చేతిలోని పట్టుకారు కింద పెట్టాడు. అడవి కట్టె ముట్టకూడదు కదా, బొగ్గు యాడిదని అడిగాడు. ఎవరి గట్ల మీద తుమ్మచెట్లు వాళ్ళు కొట్టి ఇస్తామన్నారు. తోళ్ళు తానిస్తానని సాయిబు అన్నాడు. అన్నీ అయ్యాక మా మామ తల వంచుకుని, "తిత్తి ఒత్తే చేతులు లేవప్పా మా ఇంట్లో," అన్నాడు. అందరికీ ఆ మాట అర్థమైంది. ఒకాయన అప్పుడే లేచి పైగుడ్డ దులుపుకున్నాడు కూడా.

అంతలో గడప లోపలి నుంచి మా అత్త గొంతు వినిపించింది. ఆమె మగవాళ్ళ మధ్య మాట్లాడగా అంతకు ముందు ఎవరూ వినలేదు.

"నేను ఒత్తుతా. ఒక పక్క నేను, ఒక పక్క కోడలు. రాయి తెప్పించుకో."

మా మామ తలెత్తి గడప వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో ఆ క్షణాన ఉన్నది కృతజ్ఞతో భయమో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ తర్వాత ఊరంతా పనిలో పడింది. తండ్రుల నాటి తుమ్మచెట్లు కొడుతుంటే కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కట్టెను గుంటల్లో కప్పి కాల్చి బొగ్గు చేశారు. గంపలతో రాయి దించి, నిప్పుల్లో కాల్చి, రేగుపండంత ముక్కలుగా కొట్టారు. మా మామ చెరువుమన్నులో వరిపొట్టు కలిపి తొక్కించి, బట్టీ గోడ తనే కట్టాడు. ముందు గోడను ఎవరినీ తాకనివ్వలేదు. దాన్ని ఎండబెట్టి, తడిమి చూసి, మళ్ళీ మెత్తి, మళ్ళీ ఎండబెట్టాడు.

గోడ బాగా ఆరాక, ఒకనాడు తెల్లవారగానే బట్టీ అంటించారు. బట్టీకి పసుపూ కుంకుమా పెట్టింది మా అత్తే. నిప్పంటుకోగానే ఆమె కొంగు నడుముకు బిగించి ఒక జత తిత్తుల దగ్గర, నేను ఇంకో జత దగ్గర కూర్చున్నాం. ఒక చెయ్యి లేచేటప్పుడు ఇంకో చెయ్యి దిగాలి, గాలి తెగకూడదు. కాసేపటికే నా భుజాలు తెగిపడుతున్నాయనిపించింది. పక్కకు చూస్తే మా అత్త ముఖం మీద చెమట తప్ప ఏమీ లేదు. ఆమె చూపు ముందు గోడ మీదే ఉంది. మా మామ పక్కనున్న మట్టిదిన్నె ఎక్కి పైనుంచి బొగ్గూ రాయీ పోస్తున్నాడు. మా ఆయన అడుగున కంత తెరిచి చిట్టెం వదులుతూ, మళ్ళీ మూస్తూ ఉన్నాడు. ఊరి జనమంతా దూరంగా ఎండలో నిలబడి చూస్తున్నారు.

పొద్దు నడినెత్తి దాటింది. అప్పుడు చిటుక్కుమని చిన్న చప్పుడైంది. ముందు గోడకు అడుగు నుంచి పైకి వెంట్రుకవాసి బీట పడింది, చూస్తుండగానే అది ఎర్రగా వెలిగింది. మా ఆయన తడిమన్ను ముద్ద తీసుకుని దాని మీదికి ఉరికాడు. 

"తమ్ముడూ! ఎనక్కి రా!"

మా అత్త కేకేసింది. కన్నకొడుకును ఆమె ఎప్పుడూ అలా పిలవలేదు. ఆ పిలుపుకు మా ఆయన ఉలిక్కిపడి ఆగిపోయాడు. నా చేతులు కూడా ఆగిపోయాయి.

"చెయ్యి ఆపొద్దు మే!" అని ఆమె నన్ను గదిమింది. అప్పుడు చూశాను, అంత కేక వేసిన మనిషి చేతులు మాత్రం ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. గాలి తెగితే ఇనుము లోపలే గడ్డకట్టిపోతుందని, ఊరు కొట్టి ఇచ్చిన చెట్లన్నీ బూడిదైపోతాయని ఆమెకు తెలుసు. కళ్ళ నిండా నీళ్ళు కారుతున్నాయి, చేతులు లేస్తున్నాయి, దిగుతున్నాయి. నేను మళ్ళీ ఒత్తడం మొదలుపెట్టాను.

ఈలోగా మా మామ పైనుంచి దూకి, కొడుకును రెక్కపట్టి వెనక్కి లాగేసి, ఆ మన్ను తన చేతుల్లోకి తీసుకుని బీటకు అదిమాడు. సందులోంచి చిట్టెం సన్నగా చిమ్మి ఆయన కుడి ముంజేతి మీదుగా జారింది. చర్మం కాలిన వాసన నాకు తెలిసింది. ఆయన చెయ్యి తియ్యలేదు. మా ఆయన ఇంకో ముద్దా, ఇంకో ముద్దా అందిస్తుంటే, బీట నల్లబడేదాకా అలాగే అదిమిపెట్టి నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా గోడ పగలగొట్టి, పట్టుకార్లతో ముద్దను బయటికి ఈడ్చారు. మేకపిల్లంత ఉంది. వెలుగుతోంది. మా ఆయన సమ్మెట ఎత్తి ఒక్క దెబ్బ కొడితే చిట్టెం చిట్లి పడింది గానీ ముద్ద చీలలేదు. ఇనుమే. జనం అరిచారు, సాయిబు ఆకాశం వైపు చేతులెత్తాడు. మా అత్త మాత్రం ఆ ముద్ద వైపు చూడలేదు. లేచి వచ్చి, మా మామ చెయ్యి పట్టుకుని, కలబంద మట్ట చీల్చి గుజ్జు పూస్తూ, అందరి ముందే, "వాడు గూడా ఇట్నే చెప్పిన మాట ఇనేటోడు కాదు," అంది. ఇన్నేళ్ళ తర్వాత తమ్ముడి గురించి ఆమె మొగుడితో అన్న మొదటి మాట అది. మా మామ అక్కడే కూలబడి పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

ఆ ముద్దతో ఇంటికొక కర్రు రాలేదు. వచ్చిన కర్రులనే వంతులవారీగా ఇంటి నుంచి ఇంటికి తిప్పుకుని, ముంగారు వానకు ఊరంతా దున్నింది. ఆ ఏడు కొర్రలు పండాయి. బళ్ళారి పోయిన వాళ్ళలో ఒక కుటుంబం తిరిగి వచ్చింది, మిగతావాళ్ళు రాలేదు. మా మామ కుడిచెయ్యి మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. సమ్మెట పట్టలేక కొలిమి మా ఆయనకు అప్పజెప్పాడు. సాయంత్రాలు ఆయన గోడకు ఆనుకుని కూర్చుంటే, మా అత్త జొన్నసంకటి ముద్దలు చేసి చేతికందిస్తూ ఆ తమ్ముడి సంగతులు చెప్పేది. అతనికి బెల్లమంటే ఎంత ప్రాణమో, ఈతకు పోయి ఎట్లా తప్పిపోయాడో. ఒక్కోసారి ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. అయినా మా గడపకు ఆమె బతికినన్నాళ్ళూ సున్నమే పూసింది. కొన్ని అలాగే ఉండిపోతాయి.

యుద్ధం ఆగింది, స్వాతంత్ర్యం వచ్చింది, అంగళ్ళలో ఇనుము వచ్చింది. మళ్ళీ బట్టీ పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పుడు ఆ ఊరి చేలన్నీ ట్రాక్టర్లే దున్నుతున్నాయి. మా తరం కష్టం ఈ పిల్లలకు లేదని నాకు సంతోషమే, ఇనుము కోసం ఎవరి ఇంట్లోనూ ఎవరి చెయ్యీ కాలడం లేదు, అది చిన్న సంగతి కాదు. కానీ ఆనాటి కర్రు ఎవరి చేను దున్నుతున్నా, దానిలో ఏ చెట్టు బొగ్గు ఉందో, ఎవరి ఊపిరి ఉందో ఊరందరికీ తెలిసేది. దాన్ని వంతుకు తీసుకుపోయే రైతు రెండు చేతులా అందుకునేవాడు. ఒక వస్తువును అలా రెండు చేతులా అందుకోవడం నేను చూసి చాలా ఏళ్ళయింది.