మా తోడికోడలి మోకాళ్ళు

ఆ రోజు విత్తనం కాయలు ఒలుస్తున్నాం. కొండాపురం దగ్గర మా కాలనీలో ఎవరు వేరుశనగ విత్తబోతున్నా, చుట్టుపక్కల ఆడవాళ్ళమంతా వాళ్ళ ఇంటి ముందు చేరతాం. మరకు వేస్తే గింజ పగులుతుందని విత్తనానికి మాత్రం చేతి ఒలుపే. చేటలు ముందు పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, ఊరందరి మంచీ చెడ్డా మాట్లాడుకుంటూ ఒలిచాం. పొద్దు వాలాక అందరూ చీరలు దులుపుకుని లేచారు. నేనూ లేవబోయాను. లేవలేకపోయాను.

నొప్పి లేదు, తిమ్మిరి లేదు. చేతులు నేలకు ఆనించి ఎంత తంటాలు పడినా తొడలు మాత్రం మాట వినలేదు. అంతలో మా చెన్నమ్మక్క చేట చంకన పెట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. చెన్నమ్మక్క మా బావ భార్య, నాకు తోడికోడలు. నా పెళ్ళినాటికే ఆమె ఇద్దరు బిడ్డల తల్లి, అంత పెద్దది నాకంటే. ఆమె చేయి చాపింది.

"పట్టుకో మ్మే ఓబుళమ్మా. ఏంది, కాయలతోపాటు నువ్వు గూడా భూమిలో నాటుకున్యావా?"

అందరూ నవ్వారు. "నువ్వు పో అక్కా, నాకింకా కొంచేపు కూచ్చోవాలని ఉండాది" అన్నాను. అందరూ వెళ్ళిపోయాక గోడ దాకా పాకి, గోడ పట్టుకుని లేచాను. ఇంటికి వచ్చాక నన్ను నిలవనివ్వనిది కాళ్ళు కాదు, ఆ చేయి. ముసలిది, నాకు చేయి ఇస్తుందా!

నా సంగతి కొంచెం చెప్పాలి. మా పాత ఊరు రిజర్వాయరు నీళ్ళలో మునిగింది. అక్కడ మా రెండు ఇళ్ళకూ గొర్రెలు ఉండేవి. ముంపు వాళ్ళకిచ్చిన ఈ కాలనీకి వచ్చాక నా కొడుకు సుబ్బరాయుడు మా జీవాలను అమ్మేసి, నాకు చేతులున్న కుర్చీ ఒకటి, ఎత్తు మంచం ఒకటి కొన్నాడు. "చేసింది చాలు మా. ఇంక ఏ పనీ ముట్టాకు" అన్నాడు. మా వాళ్ళలో కొడుకు ఎంతటివాడో తల్లి కూర్చున్న తీరును బట్టి చెబుతారు. తల్లి కట్టె పట్టుకుని గొర్రెల వెంట పోతే, టీ కొట్టు దగ్గర కొడుకును నిలదీస్తారు: "ఏమప్పా, అమ్మకు కూడు పెట్టల్యాకపోతాండావా?" అందుకని నేను కూర్చున్నాను. కోడలు చేతికి నీళ్ళు తెచ్చిచ్చేది. వారపత్రికలన్నీ చదివాను. ఆరోగ్యం పేజీ అయితే ఒక్క ముక్క వదల్లేదు, కూర్చునే చదివాను.

చెన్నమ్మక్క మాత్రం గొర్రెలను అమ్మలేదు. ఆమె కొడుకు పులివెందులలో చీనీకాయల, అదే బత్తాయిల, వ్యాపారం చేస్తాడు. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా పోలేదు. రోజూ పొద్దున మా ఇంటి ముందు నుంచే జీవాలను తోలుకుపోయేది. నేను కుర్చీలోంచి "పాపం, ఎండనపడి పోతాండావా అక్కా" అని పలకరించేదాన్ని. అది జాలి అనుకునేరు. నా కుర్చీ ఆమెకు కనబడాలని.

ఒలుపు రోజు తర్వాత అన్నీ ఒకటొకటిగా బయటపడ్డాయి. జమ్మలమడుగు బస్సు మెట్టు ఎక్కలేక వెనక్కి వచ్చేశాను. మరుగుదొడ్డిలో గోడకు ఊచ బిగించమని కొడుకుతో చెప్పలేక చెప్పాను. అప్పుడు భయం పట్టుకుంది. మా అత్తను చివరి రోజుల్లో నేనూ చెన్నమ్మక్కా చెరో పక్క పట్టుకుని దొడ్డికి ఎత్తుకుపోయేవాళ్ళం. ఆ మనిషి సిగ్గుతో కళ్ళు మూసుకునేది. నాకూ ఆ గతి పడుతుందా? పడితే నన్ను ఎత్తేది ఎవరు? ఈ చెన్నమ్మక్కేనా? చావనైనా చస్తాను గానీ ఆమె చేతుల్లో ఎత్తించుకోను అనుకున్నాను.

సుబ్బరాయుడు నన్ను జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపోయాడు. అదే ఆటోలో చెన్నమ్మక్కా ఎక్కింది. పొట్టేలు పొడిచి మోకాలు వాచిందట, ఎటూ పోతున్నారు కదా అని. డాక్టరు ఇద్దరికీ మోకాళ్ళ ఎక్స్‌రే రాశాడు. నాకు అదనంగా సుగరు, విటమిన్ డి, కిడ్నీ టెస్టులు. సాయంత్రం మా ఇద్దరినీ కూర్చోబెట్టి రెండు ఫిల్ములూ పక్కపక్కన వెలుతురుకు పెట్టాడు.

"ఒకరికి జాయింట్ గ్యాప్ బాగా తగ్గిపోయింది. ఆస్టియో ఆర్థరైటిస్, గ్రేడ్ త్రీ. రెండో ఆమెకు వయసుకు తగ్గ అరుగుదలే, పెద్దగా ఏం లేదు."

"ఆ గ్రేడ్ త్రీ నాదే కదా సార్" అన్నాను, కొంచెం గర్వంగానే.

"కాదమ్మా, ఆమెది."

 రోగంలో కూడా ఆమెదే పెద్ద గ్రేడు! చెన్నమ్మక్క తన మోకాలు వైపు చూసుకుని, "అరిగిపోయిందంటనా? నాకు చెప్పనే ల్యా ఇది" అంది.

"మరి ఆమె ఎట్లా నడుస్తాది సార్?" అని అడిగాను.

"మానకుండా నడిచింది కాబట్టి నడుస్తోంది. మోకాలిని మోసేది తొడ మజిల్ అమ్మా. ఆమెకు అది గట్టిగా ఉంది. మీకు కరిగిపోయింది. దీన్ని సార్కోపీనియా అంటారు. సుగర్ కూడా గీత దాటింది, విటమిన్ డి అడుగంటింది. ఇంట్లో ఏం పని చేస్తుంటారు?"

"ఏ పనీ చెయ్యనియ్యను సార్" అని నా కొడుకు గొప్పగా చెప్పబోయి, డాక్టరు ముఖం చూసి ఆగిపోయాడు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నాకు కొండలెక్కడివి, తొడలు కరిగాయి. ఆటోలో తిరిగి వస్తూ ఆ ఎక్స్‌రే కవరును చూసి ఎంత కుళ్ళుకున్నానో చెప్పలేను. నా మోకాళ్ళు అరిగి ఉంటే కనీసం సాకు ఉండేది. నావి మంచి మోకాళ్ళు. మంచి మోకాళ్ళు పెట్టుకుని నేను గోడ పట్టుకుని లేస్తున్నాను, పాడైన మోకాళ్ళతో ఆమె గొర్రె వెనక పరుగెత్తుతోంది.

విటమిన్ డి పొడి, సుగరు మాత్ర ఇచ్చారు. రోజూ గుడ్డు, పెసలు, ఉలవలు తినమన్నారు. వ్యాయామం నేర్చుకోవడానికి ప్రొద్దుటూరులో ఫిజియోథెరపీకి పంపారు. కొడుక్కి పని ఉండి తోడుగా చెన్నమ్మక్క వచ్చింది. అక్కడి అమ్మాయి నా కాలు ఎత్తి చూసి, చెన్నమ్మక్క వైపు తిరిగి, "అవ్వకు మీరేమవుతారు అక్కా?" అని అడిగింది. నేను అవ్వనట, ఆమె అక్కట! చెన్నమ్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తిరుగు బస్సులోకి కండక్టరు నన్ను చేయి పట్టి ఎక్కించాక, నా పక్కన చోటు ఉన్నా ఆమెను పిలవలేదు.

ఫిజియో అమ్మాయి చెప్పింది సులువే. ఇంట్లో ఉన్న కుర్చీలోనే కూర్చుని, చేతులు ఆనించకుండా లేవాలి. మళ్ళీ మెల్లగా కూర్చోవాలి. సిట్ టు స్టాండ్ అంటారు. "నిదానంగా చేయండి అవ్వా. ఇది పోటీ కాదు" అంది. ఆ పిల్లకేం తెలుసు, పోటీయేనని.

కుర్చీని వీధి వైపు తిప్పించాను. చెన్నమ్మక్క గొర్రెలను తోలుకుని పోయే వేళకే మొదలుపెట్టేదాన్ని. మొదట్లో కుర్చీ చేతులు పట్టుకోనిదే లేవలేకపోయేదాన్ని. ఆమె ఆగి చూసేది. "ఏంది మ్మే, కుర్చీకి మొక్కుకుంటాండావు?" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఆ మంటకు ఇంకో రెండుసార్లు లేచేదాన్ని. కొన్ని వారాలకు కుర్చీ చేతులు వదిలి లేవగలిగాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని ఊరికే అనలేదు పెద్దలు. ఒక పొద్దున ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మూలనున్న కట్టె తీసుకుని ఆమె గొర్రెల వెనకే బయలుదేరాను. ఆమె ముందు పోతోంది, నేను వెనక. వంక దాకా బాగానే పోయాను. వంకలోకి దిగేచోట ఆమె చేతులు ఊపుకుంటూ గబగబా దిగిపోయింది. అది దిగగా లేనిది నేను దిగలేనా అనుకున్నాను. గులకరాయి జారి ముందుకు పడ్డాను. చేయి ఆనించాను. మణికట్టు టక్కుమంది.

ప్రొద్దుటూరులో ఎక్స్‌రే తీసి మణికట్టు ఎముక విరిగింది, కోలీస్ ఫ్రాక్చర్ అన్నారు. పీఓపీ కట్టు వేశారు. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ తీసి, ఎముకలు గుల్లబారాయి, ఆస్టియోపోరోసిస్ కూడా ఉందన్నారు. "కాళ్ళకు బలం రాకముందే కొండలూ వంకలూ ఎందుకమ్మా? ఎవరు తరిమారు?" అని అడిగాడు ఎముకల డాక్టరు. "ఎవరూ తరమలేదు సార్, ముందు పోతాంటే చూడల్యాకపోయినా" అన్నాను. ఆయనకు అర్థమైనట్టు లేదు. ఇంట్లో మాత్రం సుబ్బరాయుడు గట్టిగా పట్టుబట్టాడు, ఇంక మంచం దిగొద్దని.

కట్టు ఉన్నన్నాళ్ళూ చెన్నమ్మక్క రోజూ వచ్చింది. గొర్రెలను దొడ్లోకి తోలి, కాళ్ళు కడుక్కుని వచ్చి నాకు తల దువ్వేది. ఆమె ఒంటి మీద ఎండ వాసన, జీవాల వాసన. ఒకప్పుడు నా ఒంటి మీదా అదే వాసన ఉండేది. అది కూడా ఆమెకే మిగిలిందని ఏడుపొచ్చింది. ఆమె జడ అల్లుతూ మెల్లగా అంది:

"మ్మే, మన అత్తను ఎత్తినాము సూడు, అట్లా నిన్ను ఎత్తాలంటే నాతో కాదు. నాకు నడుము ల్యా. మోకాలు గూడా అరిగిందని డాక్టరు చెప్పె. నువ్వే లేయాల."

నేను ఏ భయాన్ని ఎవరికీ చెప్పలేదో, అదే ఆమె దువ్వెన చేతిలో పట్టుకుని చెప్పేసింది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే, దీనికి ఇంత తెలివి కూడా ఎందుకు ఇచ్చాడు దేవుడు అని కుళ్ళుకున్నాను.

చేతికి కట్టు ఉన్నా కాళ్ళకు లేదు కదా. ఫిజియో అమ్మాయికి ఫోను చేసి అడిగి, కోడలు పక్కన నిలబడగా మళ్ళీ కుర్చీ దగ్గర మొదలుపెట్టాను. ఈసారి ఆమె చెప్పినంతే చేశాను. కట్టు విప్పాక ఇంటి ముందు నడక. తర్వాత వీధి చివరి దాకా. తర్వాత ముక్కాలి పీట మీద కూర్చుని లేవడం. ఆ తర్వాతే నేల. సుబ్బరాయుడు మొదట గొణిగాడు గానీ, చివరికి తనే రెండు గొర్రెపిల్లలను తెచ్చి కట్టేశాడు. "ఎవరన్నా అడిగితే మా అమ్మకు డాక్టరు రాసిచ్చిన మందు అని చెప్తాలే మా" అన్నాడు.

మళ్ళీ విత్తనాల ఒలుపు వచ్చింది. పొద్దు వాలాక చేట పక్కన పెట్టి, ఒక మోకాలు ముందుకు మడిచి, ఎవరి చేయీ, ఏ గోడా లేకుండా లేచాను. లేచి గర్వంగా చుట్టూ చూశాను. చూడాల్సిన మనిషి లేదు! కొడుకు కొత్త ఇల్లు కట్టి, ఊరు ఏమంటుందోనని బతిమాలితే, చెన్నమ్మక్క కొన్ని నెలల ముందే గొర్రెలను అమ్మి పులివెందులకు పోయింది. నా కష్టమంతా గోడకు చూపించినట్టయింది.

ఊరుకోగలనా? బస్సు ఎక్కి పులివెందులకు పోయాను. మెట్టు నేనే ఎక్కాను. ఆమె కొత్త ఇంట్లో ఫ్యాను కింద, మెత్త వేసిన పెద్ద కుర్చీలో కూర్చుని టీవీ చూస్తోంది. నా కుర్చీకి మెత్త లేదు. ఆమె రంగు తేలింది, బుగ్గలు వచ్చాయి. గుమ్మంలోనే నా కడుపు భగ్గుమంది.

"ఎవరు, ఓబుళమ్మా! ఉండు, లేస్తాండా" అంది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టింది. సగం లేచి మళ్ళీ కూలబడింది. ఇంకోసారి ప్రయత్నించింది. ఆ కూలబడటం నాకు బాగా తెలుసు. నా కోపం ఎటు పోయిందో పోయింది. దగ్గరికి వెళ్ళి చేయి చాపాను.

ఆమె నా చేయి చూసింది. తర్వాత నా మోకాళ్ళ వైపు చూసింది.

"చెయ్యి తీయ్ మ్మే" అంది. "నేను ఊరికే కూచ్చున్యా."

ఆ చూపు నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నా కళ్ళల్లో ఉన్నదే. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, లేచి చూపించాను. మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాను. ఆమె ముఖం టీవీ వైపు తిప్పుకుంది గానీ చేతులు మాత్రం కుర్చీ మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, చేతులు ఆనించకుండా లేవాలని.

ఇప్పుడు నా సుగరు అదుపులో ఉంది. ఎముకల మాత్ర వేసుకుంటున్నాను. మెట్ల దగ్గర ఊచ పట్టుకోవడానికి సిగ్గుపడటం లేదు. నా గొర్రెపిల్లలను రోజూ చేల గట్ల దాకా తీసుకుపోతున్నాను. చదివేవాళ్ళకు చెప్పేది ఒకటే. ఇంట్లో పెద్దవాళ్ళు నేల మీద కూర్చుని తమంతట తాము లేస్తున్నారో లేదో గమనించండి. లేవలేకపోతే వయసు అని వదిలేయకుండా డాక్టరుకు చూపించండి. మర్యాద పేరుతో కుర్చీలో పాతేయకండి.

చెన్నమ్మక్క పొద్దున్నే ఫోను చేస్తుంది.

"ఈ పొద్దు యాడిదాకా పోయినావు మ్మే?"

"వంక దాకా అక్కా" అన్నాను ఇవాళ. నిజానికి వంకకు చాలా ఇవతలే తిరిగాను.

"అంతేనా? నేను బస్టాండు దాకా పోయొచ్చినా" అంది.

అబద్ధమే చెబుతోందని తెలుసు. అయినా ఫోను పెట్టేసి, మళ్ళీ చెప్పులు వేసుకున్నాను.