పీరాన్ సాహెబ్ గేటు

ఒంటిమిట్ట దాటాక వచ్చే రైలుగేటుకు పీరాన్ సాహెబ్ కాపలా. పొడుగు మనిషి. తెల్లారగానే గడ్డానికి నూనె రాసుకుని, పచ్చజెండా ఒళ్లో పెట్టుకుని నులకమంచం మీద కూర్చునేవాడు. ఇంగ్లీషులో అప్ అంటే పైకి, డౌన్ అంటే కిందికి అని తెలుసు. తనిఖీకొచ్చే తెల్లదొరలు అస్తమానం అనే 'గెట్' మాత్రం తన గేటేననీ, వాళ్ల నాలుకకు దీర్ఘం తిరగదనీ అనుకునేవాడు.

"దొర నోరు తెరిస్తే గేటు మాటే. మన పని అంత పెద్దది" అని భార్య జైనాబీతో మురిసిపోయేవాడు.

ఒకనాడు మెయిలు వచ్చే వేళకు గేటు దించి కూర్చున్నాడు. తనిఖీకి వచ్చిన కొత్త దొర, తనను చూసి కూడా లేవని ఆ మనిషి మీద "గెటప్" అని అరిచాడు. సాహెబ్ పరుగున పోయి చక్రం తిప్పి రెండు వైపులా గేట్లు ఎత్తేశాడు. అవతల కాచుకుని ఉన్న ఓబులేసు శనక్కాయల బండి పట్టాల మీదికి వచ్చేసింది. అంతలో రైలు కూత వినిపించింది. బండి మీంచి దూకమని దొర ఓబులేసును చూసి "గెట్ డౌన్" అని కేక పెట్టాడు. సాహెబ్ వెంటనే గేట్లు దించేశాడు.

"ఏమప్పా, నన్ను లోపలేసి మూస్తాండావే" అన్నాడు ఓబులేసు.

"నేనేం జేసేదప్పా, దొర హుకుం."

జైనాబీ పిండిచేతులతో ఉరికొచ్చి, మొగుణ్ణి పక్కకు నెట్టి గేట్లు ఎత్తింది. బండి దాటిన కాసేపటికే మెయిలు దడదడలాడుతూ పోయింది. దొర టోపీ తీసి విసురుకుంటూ సాహెబ్ నులకమంచం మీదే కూలబడ్డాడు.

మళ్లీ వచ్చినప్పుడు ఆ దొర ట్రాలీ దిగి, కూలీల దగ్గర నేర్చుకున్న మాటను మెల్లగా పలికాడు. "సాయిబూ, లెయ్యప్పా."

సాహెబ్ లేచి సలాం చేశాడు. తర్వాత భార్యతో జాలిగా అన్నాడు.

"పాపం, ఆపొద్దు శానా బెదిరినట్టుండాడు. ఇంగ్లీషంతా మర్సిపోయినాడు."